2010 హోండా సిటీ ఆటోమేటిక్: ఇంజిన్ క్లీనింగ్ అవసరమా? గేర్‌బాక్స్ ఆయిల్ ఇప్పుడు మార్చొచ్చా?

నిజాంపేట్_నాగ
అందరికీ నమస్కారం. మా నాన్నగారి కారు గురించి సలహా కావాలి. 2010 హోండా సిటీ, 1.5 పెట్రోల్, ఆటోమేటిక్. ఏపీ 28 నంబరు ప్లేటు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. అంటే ఈ బండిని ఇంకొన్నేళ్లు ఉంచుకోవాలనే ఉంది. నాన్న చాలా తక్కువగా తీసేవారు. ఇప్పుడు నేను రోజూ నిజాంపేట నుంచి జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ మీదుగా నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి తీసుకెళ్తున్నాను.

రెండు ఇబ్బందులు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు గేరు డీ (డ్రైవ్)లో వేస్తే చిన్న కుదుపు వస్తోంది, ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు కూడా కొంచెం తెలుస్తోంది. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది.

ఒక మల్టీబ్రాండ్ వర్క్‌షాపులో చూపిస్తే ఒక ప్యాకేజీ చెప్పారు: ఇంజిన్ ఫ్లష్ (రసాయనం పోసి లోపల కడగడం), డీకార్బనైజింగ్ (లోపలి కార్బన్ మసి తీయడం), మెషిన్‌తో గేర్‌బాక్స్ ఫ్లష్, పైన ఇంజిన్ అంతా ప్రెషర్ వాష్. మొత్తం 18,500. మా ఇంటి దగ్గర మెకానిక్ ఏమో, ‘పాత ఆటోమేటిక్ బాక్సులో ఆయిల్ ముట్టుకోవద్దు సార్, ముట్టుకుంటే పోతుంది’ అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పాత సర్వీస్ బిల్లుల్లో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు.

ఉప్పల్_శ్రీను
మెషిన్ ఫ్లష్ మాత్రం చేయించకండి బ్రదర్. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పాత_వర్క్‌షాప్
నాగ గారూ, నేను సనత్‌నగర్‌లో చాలా ఏళ్లు ఆటోమేటిక్ బాక్సుల మీదే పనిచేశాను. ఆ ప్యాకేజీలో ఉన్నవి నాలుగు వేర్వేరు పనులు. ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంటుంది. ముందు గేర్‌బాక్స్ సంగతి చూద్దాం, తేడా వస్తే అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించేది అదే.

డబ్బు కట్టే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. చాలా కంపెనీల ఆటోమేటిక్ బళ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ చూస్తారు. హోండాలో పద్ధతి వేరు. బండి బాగా వేడెక్కేదాకా నడిపి, ఎగుడుదిగుడు లేని చోట ఆపి, ఇంజిన్ ఆఫ్ చేశాక 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. ఆలస్యమైతే లెవెల్ తప్పు చూపిస్తుంది. తెల్లటి గుడ్డ మీద తుడిచి వెలుతురులో చూడండి. కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. కాఫీ డికాక్షన్ రంగుకి వచ్చిందంటే ముసలిదైందని అర్థం, భయపడక్కర్లేదు. నల్లగా మారి మాడు వాసన వస్తుంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీ రంగు నురగ కనిపిస్తే కూలెంట్ కలిసిందని గుర్తు. చాలా బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ కింది ట్యాంకులోంచే వెళ్తుంది, లోపల లీకైతే రెండూ కలిసిపోతాయి. అప్పుడు బండిని అసలు కదపకూడదు.

ఇంకో పరీక్ష. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పెరుగుతూ బండి మాత్రం ముందుకు లాగకపోతే దాన్ని స్లిప్ అంటాం. ఆ లక్షణం ఉందో లేదో గమనించి రాయండి. దాన్నిబట్టే మిగతాది చెప్పగలను.

అలాగే ఇంజిన్ ఆయిల్ పోసే మూత విప్పి, టార్చి వేసి లోపల ఫోటో తీయండి.

మలక్‌పేట్_భాయ్
మీ ఇంటి దగ్గర మెకానిక్ చెప్పినదాంట్లో నిజం ఉంది. మా మేనమామ కారుకి (హోండా కాదు) లక్షన్నర దాటాక మొదటిసారి ఆయిల్ మార్చారు, నెల తిరగకుండా గేర్లు పడటం ఆగిపోయాయి. బాక్సు మొత్తం దించాల్సి వచ్చింది. నడుస్తున్నదాన్ని నడవనివ్వండి.

నిజాంపేట్_నాగ
వర్క్‌షాప్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. లెవెల్ రెండు గీతల మధ్యలోనే ఉంది. రంగు సరిగ్గా డికాక్షన్‌లాగే ఉంది, మాడు వాసన లేదు. కూకట్‌పల్లి ఫ్లైఓవర్ మీద, జేఎన్‌టీయూ ఎత్తు మీద చూశాను, ఆర్‌పీఎం ఊరికే లేవడం లేదు. ఇంజిన్ మూత కింద లేత గోధుమ రంగు పొర ఉంది, నల్లటి ముద్దలేవీ లేవు. కుదుపు మాత్రం పొద్దున పూట రోజూ వస్తోంది.

పాత_వర్క్‌షాప్
మంచి కబురు. మీ బాక్సు ఆయిల్ మార్చుకోదగ్గ స్థితిలో ఉంది.

భాయ్ చెప్పిన అనుభవం చాలామందికి జరిగిందే, దాన్ని కొట్టిపారేయను. ఎందుకలా జరుగుతుందో చెప్తాను. ఆటోమేటిక్ బాక్సులో గేరు పట్టేది క్లచ్ ప్లేట్లతో. ఏళ్ల తరబడి అవి అరిగి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి తిరుగుతుంటుంది. ప్లేట్లు బాగా అరిగిపోయిన బాక్సులో ఆ పొడి కలిసిన పాత ఆయిలే కాస్త పట్టు ఇస్తుంటుంది. అది తీసి శుభ్రమైన ఆయిల్ పోస్తే ఆ కాస్త పట్టూ పోతుంది. పైగా చాలామంది గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు. అప్పటికే పోతున్న బాక్సు ఆ నెలలో కాకపోతే ఆర్నెల్లకైనా పోయేదే, నింద ఆయిల్ మీద పడుతుంది. స్లిప్ లేని బాక్సుకి, మాడు వాసన లేని ఆయిల్‌కి ఆ భయం అక్కర్లేదు.

ఇక మార్చే పద్ధతి. మెషిన్‌తో ఫ్లష్ అంటే కొత్త ఆయిల్‌ని ఒత్తిడితో తోసి పాతదంతా ఒకేసారి బయటికి పంపడం. కొన్ని చోట్ల ముందు డిటర్జెంట్ కూడా పోస్తారు. పదిహేనేళ్లుగా మూలల్లో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలితే గేర్లు మార్చే ఆయిల్ ఒత్తిడిని నడిపే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో, సోలినాయిడ్ జల్లెడల్లో ఇరుక్కుంటుంది. హోండా వాళ్ల పద్ధతిలో కూడా ఫ్లష్ మెషిన్ లేదు. కింద బోల్టు విప్పి కారినంత కార్చి, అంతే కొలతలో కొత్తది పోయడమే.

అలా కారిస్తే మీ బాక్సులో సుమారు రెండున్నర లీటర్లు వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం), సందుల్లో ఉండిపోతుంది. ఒకసారికి నూటికి 45 వంతులు మారిందనుకోండి. పాతది 55 వంతులు మిగులుతుంది, రెండోసారికి 30, మూడోసారికి 17కి దగ్గరగా వస్తుంది. మూడు విడతల్లో చాలావరకు కొత్త ఆయిల్ అయిపోతుంది, మడ్డి కూడా మెల్లగా కదులుతుంది. విడతకీ విడతకీ మధ్య కొన్ని వారాలు మామూలుగా నడపండి. మీలాగా ఎప్పుడూ మార్చని బాక్సుకి నేను ఒకే రోజున మూడుసార్లు చేయించను.

కారింది కారినట్టు కొలిచి ఒక బాటిల్లో పట్టమనండి. ఎంత వచ్చిందో తెలియకుండా అంచనాతో పోసే చోట ఈ పని వద్దు. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు సహజమే. చేతికి తగిలే లోహపు తునకలుంటే అక్కడితో ఆపి నాకు రాయండి. బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. బోల్టు బిగింపు 49 న్యూటన్ మీటర్లే. అల్యూమినియం కేసింగ్ అది, పొడుగు పాన తగిలించి లాగితే మర పోతుంది.

ఉప్పల్_శ్రీను
ఒక్క మాట కలుపుతాను. నాన్నగారు తక్కువ తిప్పారు కాబట్టి ఆయిల్ పర్వాలేదనుకోవద్దు. ఇప్పుడు మీరు నడిపే దారి గేర్‌బాక్స్‌కి అసలైన పరీక్ష. ఓఆర్‌ఆర్ మీద నిలకడగా వెళ్తే టార్క్ కన్వర్టర్ లాక్ అయిపోయి ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా కలిసి తిరుగుతాయి, ఆయిల్ చల్లగానే ఉంటుంది. జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా పాకుతున్నప్పుడు లాక్ పడదు, లోపల ఆయిల్ చిలుకుతూనే ఉంటుంది. ఆ చిలుకుడంతా వేడే. దానికి మే నెల ఎండ తోడు. ఒక స్థాయి దాటాక ప్రతి పది డిగ్రీల వేడికి ఆయిల్ ఆయుష్షు దాదాపు సగం పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. మాన్యువల్‌లో ‘సివియర్ కండిషన్స్’ అని రాసి ఉంటుంది చూడండి, మన ఊరి ట్రాఫిక్ అందులోకే వస్తుంది. తక్కువ గడువునే లెక్కలోకి తీసుకోండి.

మలక్‌పేట్_భాయ్
వర్క్‌షాప్ అన్నా, వివరంగా చెప్పారు, థ్యాంక్స్. మా మామ బండి పొద్దున పూట ఎత్తు మీద ఊరికే అరిచేది, నిజమే. అయినా నా అభిప్రాయం ఒకటుంది. స్లిప్ అనుమానం కొంచెం ఉన్నా ఆయిల్ జోలికి వెళ్లకుండా ముందు బాక్సులో ఆయిల్ ప్రెషర్ టెస్ట్ చేయించాలి. నాగ గారి బండికి అది లేదు కాబట్టి అడ్డు చెప్పను.

నిజాంపేట్_నాగ
ఆయిల్ ఏది కొనాలి? రాణిగంజ్ వెళ్దామనుకుంటున్నాను.

పాత_వర్క్‌షాప్
హోండా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) డీడబ్ల్యూ-1. మీ బండి వచ్చిన కాలంలో జెడ్-1 ఉండేది, దాని స్థానంలో వచ్చిందే డీడబ్ల్యూ-1. జెడ్-1 పోసిన బాక్సులో ఇది నిశ్చింతగా పోయొచ్చు.

కౌంటర్ దగ్గర ‘సిటీ ఆటోమేటిక్’ అని మాత్రం అడగకండి, ఇది ముఖ్యం. 2008కి ముందు వచ్చిన సిటీ జెడ్‌ఎక్స్‌లో ఉన్నది సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్). 2014 నుంచి వచ్చిన సిటీలోనూ సీవీటీయే. మధ్యలో వచ్చిన మీ మోడల్‌లో మాత్రం ఐదు గేర్ల మామూలు ఆటోమేటిక్. సీవీటీ ఆయిల్ పూర్తిగా వేరు, దానిలో బెల్టు, పుల్లీ పట్టుకోవాలి. మీ బాక్సులో అది పోసినా, సీవీటీలో మీ ఆయిల్ పోసినా పాడే. డబ్బా మీద పేరు చదివే తీసుకోండి. ‘అన్ని బళ్లకీ సరిపోతుంది’ అని రాసిన ఏటీఎఫ్ చవగ్గా దొరుకుతుంది. హోండా బాక్సులు ఆయిల్ విషయంలో పట్టింపు ఎక్కువున్నవి, అది వద్దు.

రాణిగంజ్‌లో నమ్మకమైన దుకాణాలున్నాయి, నకిలీ డబ్బాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. బిల్లు ఇవ్వనంటే కొనకండి. సీలు, బ్యాచ్ నంబరు చూడండి. అనుమానమొస్తే కంపెనీ సర్వీస్ సెంటర్ స్పేర్స్ కౌంటర్‌లోనే తీసుకోండి. తేడా కొన్ని వందలే.

సెలెరియో_అనూష
నాగ గారి థ్రెడ్‌లోకి వచ్చినందుకు క్షమించాలి. నాది 2015 సెలెరియో, క్లచ్ లేదు. నేనూ ఏటీఎఫ్ మూడు విడతలుగా మార్పించాలా?

పాత_వర్క్‌షాప్
అక్కర్లేదు అనూష గారూ. మీది ఏఎంటీ. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మనిషి చేయాల్సిన క్లచ్ పని, గేరు మార్చే పని హైడ్రాలిక్ యంత్రం చేస్తుంది. దానిలో ఏటీఎఫ్ పోయరు. మాన్యువల్ గేర్ ఆయిలే ఉంటుంది, ఒకసారి కారిస్తే దాదాపు అంతా వచ్చేస్తుంది. ఆ హైడ్రాలిక్ యంత్రానికి విడిగా ఒక చిన్న డబ్బాలో ఫ్లూయిడ్ ఉంటుంది. దాని లెవెల్ చూడమని సర్వీస్‌లో గుర్తుచేయండి, చాలామంది మర్చిపోతారు.

డీజిల్_రవి
ఇంజిన్ ఫ్లష్ గురించి నేను చెప్తాను, నాది 1.3 డీజిల్ స్విఫ్ట్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పాత ఓనరు ఆయిల్ మార్పులు చాలా ఆలస్యం చేశాడు. ఒక గ్యారేజీలో ఫ్లష్ పోసి పది నిమిషాలు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) తిప్పి, కొత్త ఆయిల్ పోసి పంపారు. రెండు రోజులకే ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆఫ్ చేసి టో చేయించాను. వేరే చోట ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ విప్పితే, ఊడిన మడ్డి ముద్దలు పంపు పీల్చుకునే జల్లెడకి పట్టేసి ఉన్నాయి. ఆయిల్ పైకి ఎక్కడం లేదు. ఇంకాస్త దూరం నడిపి ఉంటే బేరింగులు, టైమింగ్ చైను పోయేవి.

మడ్డి ఉన్న ఇంజిన్‌కి ఫ్లష్ ప్రమాదం, శుభ్రంగా ఉన్న ఇంజిన్‌కి దాని పనే లేదు. నాగ గారి ఇంజిన్‌లో లేత పొర మాత్రమే ఉందంటున్నారు కాబట్టి ఆ డబ్బు ఆదా.

ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) గురించి కూడా ఎవరైనా చెప్తారా? నా బండి పికప్ తగ్గింది.

పాత_వర్క్‌షాప్
రవి గారి మాట నూటికి నూరు పాళ్లూ నిజం. నాగ గారూ, ఫ్లష్ బదులు వచ్చే రెండు ఆయిల్ మార్పులు 5,000 కిలోమీటర్లకే చేయించండి, ఫిల్టర్‌తో సహా. మంచి ఆయిల్‌లో శుభ్రపరిచే గుణం ముందే ఉంటుంది, నెమ్మదిగా కరిగించి ఫిల్టర్‌కి చేరుస్తుంది. పీసీవీ వాల్వ్ మార్పించండి, తక్కువ ఖర్చు. అది మూసుకుపోతే ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి ఉండదు, మడ్డి మొదలయ్యే కారణాల్లో అదొకటి.

డీకార్బనైజింగ్ సంగతి. మీ ఇంజిన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వ్ వెనక చిమ్ముతుంది, వాల్వ్‌ని పెట్రోలే కడుగుతూ ఉంటుంది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త తరం ఇంజిన్లలో ఆ కడుగుడు ఉండదు, కార్బన్ సమస్య వాటికి ఎక్కువ. హైడ్రోజన్ మెషిన్ పెట్టి అరగంటలో కార్బన్ పోగొడతామనేవాళ్లని ఒక్కటే అడగండి: స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా పెట్టి ముందొకసారి, తర్వాతొకసారి చూపిస్తారా అని. చూపించనంటే డబ్బు కట్టకండి. పాలీఈథర్అమీన్ (మసి కరిగించే రసాయనం) ఉన్న ఫ్యూయల్ క్లీనర్ బాటిల్ ఒకటి నిండు ట్యాంకులో పోస్తే మీ బండికి చాలు.

రవి గారూ, ఈజీఆర్ మీద స్ప్రే కొట్టి వదిలేయడం కాదు, విప్పి కడగాలి. పొగ మసి, ఆయిల్ ఆవిరి కలిసి మందంగా పేరుకుంటాయి. మానిఫోల్డ్ కూడా విప్పమనండి. దాని ముందు టర్బో గొట్టాలకి పగుళ్లున్నాయేమో చూపించండి, పికప్ తగ్గితే చాలాసార్లు అసలు కారణం అదే.

ఈసీఐఎల్_సుధ
ప్రెషర్ వాష్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దయచేసి దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మా కారుకి ఒక వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద గట్టి ప్రెషర్‌తో నీళ్లు కొట్టారు. రాధిక చౌరస్తా దాటేలోపే ఇంజిన్ మిస్సింగ్, చెక్ లైట్ మెరుపు. స్పార్క్ ప్లగ్ గుంతలో నీళ్లు నిలిచి కాయిల్ తడిసింది. గాలి కొట్టి ఆరబెట్టినా ఆ కాయిల్ తర్వాత మార్చాల్సే వచ్చింది. కొన్నిచోట్ల మెరుపు కోసం కిరోసిన్, డీజిల్ కూడా స్ప్రే చేస్తారు. రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, దుమ్ము ఇంకా ఎక్కువ అంటుకుంటుంది, వేడి ఇంజిన్ మీద మంట అంటుకునే ప్రమాదం కూడా.

ఇప్పుడు నేనే చేసుకుంటాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్రష్‌తో దుమ్ము దులిపి, ఆల్టర్నేటర్, ఫ్యూజు బాక్సు, ఎయిర్ ఫిల్టర్ దారి ప్లాస్టిక్ కవర్లతో మూస్తాను. నీళ్లలో కలిసే డీగ్రీజర్ గుడ్డకి పట్టించి తుడిచి, తడి గుడ్డతో మళ్లీ తుడుస్తాను. పైపు పెట్టే పని లేదు. దీనివల్ల పెద్ద లాభం ఒకటుంది. శుభ్రంగా ఉన్న ఇంజిన్ మీద కొత్త ఆయిల్ చెమ్మ ఎక్కడ మొదలైందో వెంటనే కనిపిస్తుంది. మా బండికి వాల్వ్ కవర్ గాస్కెట్ లీకు అలాగే దొరికింది. ఎలుకలు కొరికిన వైరు కూడా. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

నిజాంపేట్_నాగ
సుధ గారూ, మాది కూడా సెల్లారే, ఈ ఆదివారం చూస్తాను.

అప్‌డేట్: మొదటి విడత ఆయిల్ మార్పించాను. కారింది 2.4 లీటర్లు, అంతే పోశారు. అయస్కాంతం మీద బూడిద పేస్టు మాత్రమే ఉంది, వేళ్లతో రుద్ది చూశాను, తునకలు లేవు. పొద్దున డీలో వేసినప్పటి కుదుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. థ్రోటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) కూడా నల్లగా ఉందని శుభ్రం చేశారు. కానీ అప్పటి నుంచి ఐడిల్ 1,100 దగ్గర నిలుస్తోంది. స్టీరింగ్ వణుకు అలాగే ఉంది.

పాత_వర్క్‌షాప్
కుదుపు తగ్గడం మంచి సూచన. మిగతా రెండు విడతలు కానివ్వండి.

ఐడిల్ పెరగడానికి భయపడకండి. మసి ఉన్నప్పటి గాలి లెక్క కంప్యూటర్ గుర్తుపెట్టుకుంది, ఇప్పుడు దారి తెరుచుకుంది. స్కానర్‌తో రీసెట్ చేయించి ఐడిల్ లెర్న్ చేయాలి. ఏసీ, లైట్లు, ఆడియో అన్నీ ఆపి, పార్క్‌లో ఉంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోండి. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవగానే యాక్సిలరేటర్ వదిలేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఆ ఐదు నిమిషాల్లో ఫ్యాన్ తిరిగిన సమయం లెక్కలోకి రాదు.

వణుకు విషయానికి వస్తే, సిగ్నల్ దగ్గర డీలోంచి న్యూట్రల్‌కి మార్చి చూడండి. వెంటనే తగ్గిపోతే ఇంజిన్ మౌంటులు (ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించాలి. రబ్బరు పగిలి బలం పోయుంటుంది, దాన్ని ఏ క్లీనింగూ బాగుచేయదు. న్యూట్రల్‌లోనూ ఉంటే ప్లగ్గులు, ట్యాపెట్ (వాల్వ్ గ్యాప్) సెట్టింగ్ చూపించండి. మీ ఇంజిన్‌లో ట్యాపెట్లు తమంతట తాము సర్దుకునే రకం కాదు, గ్యాప్ చేత్తో పెట్టాల్సిందే. చాలా గ్యారేజీలు దీన్ని వదిలేస్తాయి.

నిజాంపేట్_నాగ
న్యూట్రల్‌లో వణుకు పూర్తిగా ఆగిపోతోంది! మెకానిక్ జాకీ పెట్టి చూపించాడు, ఒక మౌంటు రబ్బరు అడ్డంగా చీలింది. కొత్తది వేయించాను, స్టీరింగ్ వణుకు లేదు. ఐడిల్ లెర్న్ తర్వాత ఆర్‌పీఎం 750 దగ్గర నిలిచింది. ఆ ప్యాకేజీకి ఒప్పుకుని ఉంటే చీలిన మౌంటు వాళ్లు చూసేవాళ్లే కాదేమో. నాన్నకి బండి ఇచ్చి ఒక రౌండ్ వేయించాను, చాలా సంతోషించారు.

ఇంకో సందేహం. కారిన పాత ఆయిల్ ఏం చేయాలి? మా మెకానిక్ దగ్గర ఒక డబ్బాలో ఉంది, పక్కన నాలాలో పోస్తారేమోనని అనుమానం.

ఉప్పల్_శ్రీను
నాలాలో పోస్తే నేరుగా మూసీకే. దయచేసి పోయనివ్వకండి.

పాత_వర్క్‌షాప్
వాడిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. పెద్ద సర్వీస్ సెంటర్లలో డ్రమ్ముల్లో పట్టి వాళ్లకి ఇస్తారు. మీ డబ్బాని మూత బిగించి, వచ్చేసారి అలాంటి చోటికి తీసుకెళ్లి తీసుకుంటారేమో అడగండి. కూలెంట్, పెట్రోలు అందులో కలపకండి, కలిస్తే వాళ్లు తీసుకోరు.

రెండో విడత తర్వాత లెవెల్ మళ్లీ వేడి మీదే చూడండి. పై గీత దాటితే నురగ కడుతుంది, ఎక్కువైంది తీయించండి. రంగు ఫోటో కూడా ఇక్కడ పెట్టండి, మూడోది ఎప్పుడో అప్పుడు చెప్తాను.